రెండు కార్లు, ఒక ఆర్సీ

ఈమధ్య ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో చాలావాటి సారం ఒక్కటే. ఇంట్లోనో బంధువుల దగ్గరో రెండు దెబ్బతిన్న బండ్లుంటాయి. ఒకదానికి ముందు భాగం బాగుంటుంది, ఇంకోదానికి వెనక భాగం. రెండూ కలిపి ఒక మంచి బండి చేసుకుంటే తప్పేమిటని అడుగుతున్నారు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కాలంలో ఇలా కలిపిన బండ్లు నా ముందుకు చాలానే వచ్చాయి. తెచ్చినవాళ్ళలో దొంగలు తక్కువ. పనైపోయాక కాగితాల సంగతి చూసుకుందామనుకున్న మామూలు మనుషులే ఎక్కువ. వాళ్ళు పడ్డ అవస్థ కళ్ళారా చూశాను కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం ఈ సందేహాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్కారమండీ. మాది 2012 మారుతి 800. హైవే మీద లారీని గుద్ది ముందు భాగమంతా నుజ్జయిపోయింది. మా బావగారి దగ్గర 2010 మోడల్ 800 ఉంది. దాని ముందు భాగం చక్కగా ఉంది గానీ వెనక ఫ్లోరు, డిక్కీ తుప్పు పట్టి ఊడిపోతున్నాయి. మా ఊరి టింకరింగ్ మేస్త్రీ రెండింటినీ మధ్యకు కోసి, బాగున్న సగాలు అతికించి, రంగేసి ఇస్తానంటున్నాడు. రెండు ఆర్సీలూ మా ఇళ్ళలోనే ఉన్నాయి, ఏదీ దొంగబండి కాదు. మా ఆర్సీ మీదే తిప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: తిప్పుకోకూడదండీ. ముందు మేస్త్రీకి కబురు చేసి ఆ పని ఆపించండి, మిగతాది తర్వాత చదువుదురుగాని.

చట్టం దృష్టిలో కారంటే దాని ఛాసిస్ నంబరే. మారుతి 800లో ఆ నంబరు ఇంజన్ వెనక, డ్రైవరు ముందుండే అడ్డగోడ రేకు మీద కొట్టి ఉంటుంది. మీ మేస్త్రీ లెక్క ప్రకారం నంబరున్న సగం మీ బావగారిది, నంబరు లేని సగం మీది. కాబట్టి తయారయ్యే బండి నంబరును బట్టి బావగారిదే అవుతుంది, మీ ఆర్సీ దానికి పనికిరాదు. పోనీ బావగారి ఆర్సీ మీద తిప్పుదామంటే, సొంత కార్లకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళే చెల్లుతుంది. 2010లో రిజిస్టరైన బండికి ఆ గడువు 2025తో తీరిపోయింది. రెన్యువల్ కావాలంటే బండిని ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాల్సిందే.

ఇక్కడికొచ్చేసరికి కొందరు మేస్త్రీలు ఇంకో ఉపాయం చెబుతారు. మీ కారు అడ్డగోడలోంచి నంబరున్న రేకు ముక్క కోసి, బావగారి కారు రేకులో పొదిగి అతికిస్తే సరిపోతుందంటారు. ఆ మాట చెవిన పెట్టకండి. రెండు కార్లూ మీవే కావచ్చు, మీ మనసులో ఏ కల్మషమూ లేకపోవచ్చు. కానీ దొంగిలించిన కారును అమ్ముకునేవాడు చేసే పని కూడా సరిగ్గా అదే. అతుకు చూసిన పోలీసు అధికారికి మీకూ వాడికీ తేడా కనబడదు. బండి మీద కొట్టి ఉన్న నంబరుకూ ఆర్సీలోని నంబరుకూ పొంతన లేదని తేలితే, సంజాయిషీ అడిగి రిజిస్ట్రేషన్ రద్దు చేయమని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది.

1988 నాటి ఆ చట్టంలోనే 52వ సెక్షన్ ఉంది. ఆర్సీలో రాసిన వివరాలు తయారీదారు మొదట నిర్ణయించినవాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదని దాని సారాంశం. కేరళ నుంచి వెళ్ళిన జయచంద్ర కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా బలపరిచింది. ఆ ఏడాదే చట్టానికి సవరణ వచ్చి 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి.

చట్టం ఇంత పట్టుదలగా ఉండటానికి కారణం ఉంది. ఏ మోడల్ కారైనా అమ్మకానికి రాకముందు దాని నమూనాను పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థలు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాయి. 800 లాంటి చిన్న కార్లకు లారీకున్నట్టు విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు. ఫ్లోరు, డోర్ల కింది పట్టీలు, పిల్లర్లు, టాపు అన్నీ కలిసే బండి బరువు మోస్తాయి, గుద్దుకున్నప్పుడు దెబ్బను పంచుకుంటాయి. మధ్యకు కోస్తే ఇవన్నీ ఒకే వరుసలో తెగుతాయి. ఫ్యాక్టరీలో వందల చోట్ల స్పాట్ వెల్డింగ్‌తో పట్టి ఉంచిన పల్చటి రేకును షెడ్డులో గ్యాస్ వెల్డింగ్‌తో అతికిస్తే, అతుకు చుట్టూ రేకు మాడి బలం పోతుంది. మళ్ళీ గుద్దుకుంటే బండి విడిపోయేది అక్కడే. వెనక సీటులో పిల్లలు కూర్చుంటారని గుర్తుంచుకోండి.

రంగేశాక ఎవరికి తెలుస్తుందిలే అని మీ మేస్త్రీ అనవచ్చు. తెలుస్తుందండీ. ముందు సీట్ల కింద కార్పెట్ ఎత్తి చూస్తే ఫ్లోరుకు అడ్డంగా వెల్డింగ్ గీత కనబడుతుంది. డోరు రబ్బరు లాగితే పిల్లర్ మీద ఫ్యాక్టరీ స్పాట్లు ఒకే దూరంలో వరుసగా ఉండాలి. అవి మాయమై రేకు నున్నగా ఉందంటే అక్కడ పుట్టీ పెట్టారన్నమాట, ఆ పుట్టీ మందంగా ఉన్నచోట అయస్కాంతం పట్టదు. తడి మట్టిలో బండిని తిన్నగా నడిపిస్తే వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో పడకుండా పక్కకు జరుగుతాయి. అనుభవమున్న ఇన్‌స్పెక్టరుకు పది నిమిషాల పని ఇది.

మీకు చట్టబద్ధమైన దారి లేకపోలేదు. ఏదో ఒక బాడీ మొత్తంగా ఉంచుకోండి. బావగారి కారు ఫ్లోరు పనికొచ్చే స్థితిలో లేదంటున్నారు కాబట్టి మీది నిలబెట్టడమే మేలు. బానెట్, ముందు ఫెండర్లు, డోర్లు, బంపరు, లైట్లు, రేడియేటరు, సీట్లు, సస్పెన్షన్ లాంటివి బోల్టులు విప్పి బిగించే సామాన్లు. వాటిని ఆ కారులోంచి తీసి మీ కారుకు వేసుకోవడం రిపేరే అవుతుంది. అడ్డగోడకు ముందున్న రేకులు మాత్రమే నలిగి ఉంటే, కంపెనీ ప్యానెళ్ళు తెప్పించి, కంపెనీ అతికించిన చోటే అధీకృత వర్క్‌షాపులో వేయించుకోండి, బిల్లు దాచండి. అడ్డగోడే నలిగి నంబరు వంకర తిరిగి ఉంటే మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ముందు ఆర్టీవోకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇంకొకటి, రంగు కూడా ఆర్సీలో రాసే వివరమే. రెండు రంగుల డోర్లు కలిశాయని బండికి మొత్తంగా కొత్త రంగు వేయిస్తే అదీ ఆర్సీలో మార్పించుకోవాలి.

ప్రశ్న: సార్, నాది సొంత వాడకం బొలెరో. ఇంజన్ పట్టేసింది. మా బావమరిది బొలెరో కల్వర్టును గుద్ది ఛాసిస్ వంగిపోయింది, ఇంజన్ మాత్రం మంచిగుంది. ఆ ఇంజన్ నా బండికి ఎక్కించుకోవచ్చా? వాళ్ళ బండి బాడీ కూడా నాదానికంటే కొత్తగా ఉంది, అది కూడా దించి నా ఛాసిస్ మీద పెట్టిస్తే ఎట్లుంటది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ పరిస్థితి తణుకు పాఠకుడి కంటే చాలా నయం. బొలెరోకు కింద నిచ్చెన లాంటి ఉక్కు ఫ్రేము విడిగా ఉంటుంది, ఛాసిస్ నంబరు ఆ ఫ్రేము మీదే ఉంటుంది. మీ ఫ్రేము మీకు ఉన్నంత కాలం బండి మీదే.

ఇంజన్ మార్చుకోవచ్చు. అయితే అదే కంపెనీ, అదే రకం ఇంజన్ అయి ఉండాలి. ఇంధనం మారకూడదు, సీసీ మారకూడదు, కాలుష్య ప్రమాణం తగ్గకూడదు. మీ బండి బీఎస్-4 అయి, బావమరిది బండి బీఎస్-3 అయితే ఆ ఇంజన్ మీకు పనికిరాదు. ఎక్కించే ముందే ఆర్టీఏ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోండి. మీ ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్‌తో పాటు, ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూపే కాగితాలు ముఖ్యం. బావమరిది ఆర్సీ నకలు, ఇంజన్ మీకు ఇచ్చినట్టు ఆయన సంతకంతో పత్రం దగ్గర పెట్టుకోండి. మార్పు జరిగాక 14 రోజుల్లో తెలియజేసి కొత్త ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి. పది, అంతకుమించి రవాణా వాహనాలున్నవాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి నుంచి మినహాయింపు ఇవ్వవచ్చని చట్టంలో ఉంది గానీ, ఒక్క బండి ఉన్న మీకు అది వర్తించదు.

చాలామంది ఇంజన్ మార్చి, పాత ఇంజన్ బ్లాకు మీది నంబరునే కొత్తదాని మీద కొట్టిస్తారు. ఆర్సీతో సరిపోవాలనే ఆత్రం అది. చేతికొచ్చిన సజావైన బండిని చేజేతులా అనుమానపు బండిగా మార్చుకోవడమే అవుతుంది. ఇంజన్ మీద దాని సొంత నంబరే ఉండనివ్వండి, మార్చాల్సింది ఆర్సీని.

బాడీ సంగతి. అదే మోడల్, అవే సీట్లు, అదే ఆకారం అయితే ఆర్సీ వివరాలు మారవు. అయినా అంత పెద్ద మార్పును ఇంజన్ దరఖాస్తులోనే కలిపి రాసి, ఇన్‌స్పెక్టరుకు చూపించి చేయించుకోండి. తొమ్మిది సీట్ల బండి మీద ఏడు సీట్ల బాడీ పెడతానంటే, పికప్ ఛాసిస్ మీద ప్యాసింజర్ బాడీ పెడతానంటే మాత్రం 52వ సెక్షన్ అడ్డం వస్తుంది.

ప్రశ్న: ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కింద వదిలేసిన స్విఫ్ట్ ఒకటి వేలంలో చవగ్గా వస్తోంది, ఆర్సీతో సహా ఇస్తామంటున్నారు. బండి పల్టీ కొట్టి టాపు పోయింది. ‘కాగితాల్లేని మంచి బాడీ ఒకటి నా దగ్గర ఉంది, రెండూ కలిపితే కొత్త కారే’ అని తెలిసిన బ్రోకరు అంటున్నాడు. నాలుగు లక్షలు మిగులుతాయట. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కాగితాల్లేని మంచి బాడీ ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కసారి ఆలోచించండి. టాపు, పిల్లర్లు, ఫ్లోరు అన్నీ నిక్షేపంగా ఉన్న స్విఫ్ట్‌ను యజమాని కాగితాలు లేకుండా ఎందుకు వదులుకుంటాడు?

ఈ దందా నడిచే తీరు చెబుతాను. బండిని తెచ్చి బాగుచేసే ఖర్చు పాలసీలో రాసిన విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని టోటల్ లాస్‌గా లెక్కకట్టి, యజమానికి సొమ్ము చెల్లించి, శిథిలాన్ని అమ్మేస్తుంది. కొనేవాడికి తుక్కుతో పాటు ప్రాణమున్న ఆర్సీ దక్కుతుంది. వాడికి కావాల్సింది ఆ ఆర్సీయే. అదే మోడల్, అదే రంగు కారు ఇంకో ఊళ్ళో దొంగిలిస్తారు. దాని నంబరు గ్రైండరుతో చెరిపి, ఆర్సీలోని నంబరు కొడతారు. అప్పుడు దొంగకారుకు అసలైన కాగితాలు దొరికినట్టే. చివరగా కొన్న అమాయకుడి దగ్గరే బండి పట్టుబడుతుంది.

పాత బండి చూడటానికి వెళ్ళినప్పుడు మీరే చేయగల పరీక్ష ఒకటుంది. ఛాసిస్ నంబరు మీద పల్చటి తెల్లకాగితం పెట్టి, మెత్తటి పెన్సిలును పడుకోబెట్టి రుద్దండి. రిజిస్ట్రేషన్‌కు ఇన్‌స్పెక్టర్లు ప్రింటు తీసేది ఇలాగే. కంపెనీ కొట్టిన అక్షరాలన్నీ ఒకే లోతులో, ఒకే గీత మీద నిలబడతాయి. షెడ్డులో సుత్తితో కొట్టినవాటిలో ఒక అంకె లోతుగా, ఒకటి పైపైన, ఒకటి కాస్త వంగి పడుతుంది. చుట్టూ రేకు మీద గ్రైండరు గీతలు కాగితం మీదికి ఎక్కుతాయి. చెరిపేసిన పాత నంబరైనా పూర్తిగా పోదు. దెబ్బకు అణిగిన లోహం అడుగున అలాగే ఉంటుంది, ఫోరెన్సిక్ లేబొరేటరీలో ఆమ్లం పూసి దాన్ని పైకి తెప్పిస్తారు. ఆ ప్రింటును ఆర్సీతో పోల్చడమే కాక, పోయిన బండ్ల వివరాలతో జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) నడిపే వాహన్ సమన్వయ్‌లో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రెండూ విడివిడిగా వేసి చూడండి.

దొంగసొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి తగిన కారణం ఉండి గానీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు. ‘కాగితాల్లేని బాడీ’ అని బ్రోకరే మీకు చెప్పాడు, మీరే ఉత్తరంలో రాశారు. తెలియదని చెప్పుకునే అవకాశం కూడా మీకు ఉండదు. ఆ బ్రోకరును వదిలేయండి.

టోటల్ లాస్ బండి కొనడం దానంతటది నేరం కాదు. కొన్నా, నడిపే కారుగా కాకుండా విడి సామాన్ల కోసం కొనండి. టాపు, పిల్లర్లు పోయిన కారును మళ్ళీ రోడ్డెక్కించాలనే ఆలోచనే మానుకోవాలని నా సలహా.

ప్రశ్న: రెండు పాత కార్లలో ఒకదాని సామాన్లతో రెండోది బాగుచేసుకున్నాను. మిగిలిన బొమికలగూడును ఆటోనగర్‌లో తుక్కు వ్యాపారికి అమ్మి, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించుకున్నాను. ఆర్సీ కూడా అతనికే ఇచ్చేశాను. ఇంక నాకు సంబంధం లేనట్టే కదా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: లేదని మీరనుకుంటున్నారు. రవాణా శాఖ రికార్డులో ఆ బండి ఇప్పటికీ మీ పేరు మీదే తిరుగుతోంది. పై ఉత్తరంలో చెప్పిన దందాకు కావాల్సిన ఆర్సీని మీరే వేరొకరి చేతికిచ్చారు.

నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీలాంటి వాళ్ళంతా తెలుసుకోవాలి. అందులో కారు చేతులు మారుతూ పోయింది, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటివాడి పేరుతోనే ఉండిపోయింది. ప్రమాదం జరిగినప్పుడు పరిహారం ఎవరివ్వాలన్న ప్రశ్నకు, రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని అని కోర్టు తేల్చింది. బండి తన దగ్గర లేదన్న మాట నిలబడలేదు. రేపు మీ నంబరుతో ఇంకో కారు ఎక్కడో ఎవరినైనా గుద్దితే సమన్లు మీ ఇంటికే వస్తాయి. స్టాంపు కాగితం మీకూ వ్యాపారికీ మధ్య సాక్ష్యమే తప్ప రికార్డును మార్చదు.

బండి నాశనమైనా, శాశ్వతంగా పనికిరాకపోయినా 14 రోజుల్లో, లేదా వీలైనంత త్వరగా, ఆర్సీతో సహా తెలియజేయాలని 55వ సెక్షన్ అంటోంది. గడువు దాటినా సరే, రేపే వెళ్ళండి. ముందు ఆ వ్యాపారి దగ్గర నుంచి ఆర్సీ వెనక్కి తీసుకోండి. నంబరున్న రేకు ఇంకా ఉంటే అదీ అడగండి. అతను ఇవ్వనంటే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేసి, ఆ రసీదు జతచేసి రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టండి.

ఇంకా బండి అమ్మనివాళ్ళకు మెరుగైన దారి ఉంది. 2021 సెప్టెంబరులో కేంద్రం నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రాలు వచ్చాయి. అక్కడ బండి అప్పగిస్తే డిపాజిట్ సర్టిఫికెట్, ఆ తర్వాత స్క్రాపింగ్ సర్టిఫికెట్ ఇస్తారు. కాగితం మీద కూడా బండి కథ అక్కడితో ముగుస్తుంది. ఆ డిపాజిట్ సర్టిఫికెట్ చూపి కొత్త సొంత బండి కొంటే మోటారు వాహన పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి రాష్ట్రాలకు వీలుంది.

ప్రశ్న: ఫైనాన్స్‌లో ఉన్న కారు పాడైంది. దాని సామాన్లు తీసి ఇంకో కారుకు వేసుకుంటే ఫైనాన్స్ వాళ్ళు ఏమైనా అంటారా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: అంటారమ్మా. ఆర్సీలో హైపోథికేషన్ ఉన్నంత కాలం ఆ కారు వాళ్ళ అప్పుకు హామీ. మీరు ఒక్కో సామాను తీసేస్తుంటే హామీని కరిగిస్తున్నారని కేసు పెట్టగలరు. బాకీ తీర్చి, వాళ్ళ దగ్గర ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని, ఆర్సీలో హైపోథికేషన్ తొలగించాకే పానా పట్టించండి.

ప్రశ్న: మా తాతగారి 1968 నాటి ఫియట్ 1100 షెడ్డులో ఉంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలని కోరిక. బాడీకి తుప్పు ఎక్కువగా ఉంది. అదే కాలం నాటి ఇంకో ఫియట్ దొరికింది, దాని బాడీ గట్టిగా ఉంది. మా నంబరుతో, ఆ బాడీతో ఒక కారు తయారుచేస్తే వింటేజ్ కింద ఒప్పుకుంటారా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: తాతగారి కారు మీద మీ ప్రేమ నాకు అర్థమైంది. అందుకే ఈ పని చేయవద్దంటున్నాను.

2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 81ఏ మొదలు కొన్ని నిబంధనలు చేర్చి వింటేజ్ బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల సొంత బండ్లకు ఇది వర్తిస్తుంది. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, ఆ తర్వాత పునరుద్ధరణకు 5,000. అసలు షరతు ఏమిటంటే బండి మొదటి రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. ఫియట్ 1100కు బాడీ షెల్లే ఛాసిస్. దాన్ని మార్చి మీ నంబరు తెచ్చి అందులో పెడితే వింటేజ్ అర్హతా పోతుంది, తణుకు పాఠకుడికి చెప్పిన చిక్కులన్నీ మీకూ చుట్టుకుంటాయి.

రెండు దారులున్నాయి. ఒకటి, తాతగారి షెల్‌నే నిలబెట్టడం. తుప్పు తిన్న మేర కోసి, అదే మందం రేకును అదే ఆకారంలో మలిచి అతికించే పాతతరం మేస్త్రీలు ఇంకా ఉన్నారు. డోర్లు, అద్దాలు, మీటర్లు, స్టీరింగు, బంపర్లు, సీట్ల ఫ్రేములు రెండో కారులోంచి తెచ్చుకోవచ్చు, అవి ఆ కాలానివే కాబట్టి బండి అసలు రూపానికి ఇంకా దగ్గరవుతుంది. పని మొదలుపెట్టే ముందు ప్రతి భాగాన్నీ ఫొటో తీయించి, తేదీలతో దాచండి. బండిని పరిశీలించడానికి రాష్ట్రం వేసే కమిటీకి అవి చూపించవచ్చు. రెండోది, గట్టి బాడీ ఉన్న ఫియట్‌కు సరైన కాగితాలుంటే దాన్ని మీ పేరుకు మార్పించుకుని, దాని నంబరుతోనే వింటేజ్‌కు పెట్టడం. అప్పుడది తాతగారి కారు కాకపోవచ్చు గానీ నిజాయితీ ఉన్న కారు అవుతుంది. ఖర్చు ఎక్కువైనా నేనైతే మొదటి దారే పడతాను.

వీఏ నంబరు వచ్చాక రోజూ ఆఫీసుకు నడుపుకోవడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేర్ల కోసమే రోడ్డెక్కాలి.

ప్రశ్న: అంకుల్, నేను డాలస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. ఇక్కడ ‘రీబిల్ట్’ టైటిల్ ఉన్న కామ్రీ సగం ధరకే వస్తోంది. రెండు కార్ల సామాన్లతో బాగుచేశామని అమ్మేవాడే చెబుతున్నాడు. ఇండియాలో తప్పైనది ఇక్కడ ఒప్పెలా అయింది?
– ఒక విద్యార్థి, టెక్సస్

జవాబు: బాబూ, అక్కడ కూడా నంబరు ముక్క మార్చడం నేరమే. వాహన గుర్తింపు నంబరును చెరిపినా మార్చినా అమెరికా ఫెడరల్ చట్టం కింద ఐదేళ్ళ వరకు జైలు. అయితే బాగా దెబ్బతిన్న బండిని మళ్ళీ కట్టుకునేవాళ్ళకు అక్కడ బహిరంగమైన దారి ఒకటి వేశారు. కారుకు ముందు ‘సాల్వేజ్’ టైటిల్ వస్తుంది. బాగుచేశాక టెక్సస్‌లో వీటీఆర్-61 అనే ఫారంలో ఏ భాగం మార్చారు, అది ఏ బండిలోంచి వచ్చింది, ఆ బండి నంబరేమిటి అన్నది రాసివ్వాలి. అప్పుడు టైటిల్ మీద ‘రీబిల్ట్ సాల్వేజ్’ అని ముద్ర పడి, ఆ కారు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. కొనేవాడికి సంగతి తెలిసే కొంటాడు. మన దగ్గర ఇలాంటి ముద్ర లేదు, ఉంటే విజయవాడ ఉత్తరంలోని దందాకు సగం ప్రాణం పోయేదని నా నమ్మకం.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన కారు గట్టిదని కాదు. బండ్ల టైటిళ్ళ చరిత్ర చూపే ఎన్ఎంవీటీఐఎస్ రికార్డు తీయించు, వీటీఆర్-61 నకలు అడుగు, అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌తో లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు భాగం చూపించు. ఎయిర్‌బ్యాగులు నిజంగా ఉన్నాయో లేదో కూడా చూడమను. పూర్తి బీమా ఇస్తారో లేదో కొనకముందే కంపెనీకి ఫోన్ చేసి తెలుసుకో, థర్డ్ పార్టీ మాత్రమే ఇచ్చే కంపెనీలూ ఉంటాయి. ఫ్లోరు మీద అడ్డంగా వెల్డింగ్ కనబడితే ధర ఎంత తగ్గించినా తీసుకోకు.

ప్రశ్న: మావాడు ఇంజనీరింగ్ మూడో ఏడు. పాత ఓమ్ని ఇంజన్, ఇంకో కారు స్టీరింగు, ఇనుప పైపులతో ఫ్రేము కలిపి చిన్న బగ్గీ కట్టారు. నంబరు కోసం ఎక్కడ దరఖాస్తు చేయాలి?
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: దానికి నంబరు రాదండీ. నమూనా పరీక్షలో నెగ్గి, తయారీదారు ఇచ్చిన సర్టిఫికెట్ ఉన్న బండినే రిజిస్టర్ చేస్తారు. పాత ఇంజన్లతో కట్టిన ‘జుగాడ్’ బండ్లు కూడా మోటారు వాహనాలేనని, రిజిస్ట్రేషన్ లేకుండా తిరగకూడదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. బహిరంగ స్థలంలోనే కాదు, ‘మరే ఇతర స్థలంలోనూ’ రిజిస్ట్రేషన్ లేని బండి నడపకూడదని 39వ సెక్షన్‌లో ఉంది. ఫ్యాక్టరీ లాంటి మూసి ఉన్న ఆవరణలో మాత్రమే వాడటానికి ప్రత్యేకంగా చేసిన బండికే మినహాయింపు. కాబట్టి కాలేజీ ప్రహరీ లోపల, లెక్చరర్ల పర్యవేక్షణలో నడపనివ్వండి. పిల్లల పనితనం మంచిదే, దాన్ని పోటీలకు పంపండి. పోటీ జరిగే చోటికి మాత్రం లారీ మీద ఎక్కించి పంపాలి, నడుపుకుంటూ వెళ్ళనివ్వకండి.